నెట్ ఎక్కడ ఆగింది? ఇంట్లో డబ్బా నుంచి స్తంభం దాకా

నెట్ స్లో అనిపిస్తే ప్లాన్ పెంచడం హన్మకొండ, కరీంనగర్ ఇళ్లల్లో మామూలైపోయింది. వంద ఎంబీపీఎస్ చాలలేదంటే రెండు వందలు, అదీ చాలలేదంటే మూడు వందలు. బిల్లు పెరుగుతుంది, మేడ మీది గదిలో వీడియో మాత్రం ఎప్పట్లాగే గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. సర్వీసు వాళ్లు ఎంత వేగం పంపినా మధ్యలో ఏ ముక్క బలహీనంగా ఉంటే ఆ ముక్క ఇచ్చినంతే చివరికి ఫోనుకు చేరుతుంది. ఆ బలహీనమైన ముక్క చాలాసార్లు ఇంటి గుమ్మం లోపలే ఉంటుంది. అందుకే డబ్బులు పెట్టేముందు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. దానికి పది నిమిషాలు చాలు, పెద్ద చదువు అక్కర్లేదు.

ముందు డబ్బా మీది లైట్లు చూడాలి. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో తీగ వచ్చి చేరే పెట్టెను ఓఎన్‌టీ అంటారు, ఇప్పుడు చాలావాటిలో వైఫై రౌటర్ కూడా అందులోనే ఉంటోంది. పాన్ అని రాసి ఉన్న లైటు ఆకుపచ్చగా నిలకడగా వెలిగితే బయటి తీగ బాగున్నట్టు. అది మిణుకుమంటుంటే పెట్టె ఎక్స్ఛేంజీతో మాట కలపడానికి ప్రయత్నిస్తోంది, ఇంకా కలవలేదు. ఎల్ఓఎస్ అన్నచోట ఎర్ర లైటు వెలిగితే కాంతి అసలు రావడం లేదు. అప్పుడు రౌటర్ ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం లేదు, నేరుగా ఫిర్యాదు చేయాల్సిందే. అంతకుముందు ఒక్కటి చూసుకోవచ్చు: పెట్టె వెనక ఆకుపచ్చ తల ఉన్న సన్నని తీగ వదులైందేమో, సోఫా కాలి కింద నలిగిందేమో. ఫైబర్ లోపల ఉండేది గాజు పోగు. దాన్ని కరెంటు వైరులా మడిచి మేకుకు చుట్టేస్తే కాంతి మలుపులోనే బయటికి జారిపోతుంది. టీ కప్పు మూతి కంటే చిన్న చుట్ట చుట్టకుండా ఉంటే భయం లేదు. ఊడదీసిన తీగ కొనలోకి మాత్రం కన్ను పెట్టి చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు, హాని మాత్రం చేయగలదు.

ఇక్కడ ఫైబర్ తెగడానికి కారణాలు ఊరిని బట్టి మారతాయి. టౌన్లలో తీగలు కరెంటు స్తంభాల మీదుగా, ఇంటి మీంచి ఇంటి మీదికి వేలాడుతూ వస్తాయి. వాటి మీద కోతులు ఊగుతాయి, గడ్డి లోడు ట్రాక్టర్లకు తగులుతాయి, గణేశ్ ఊరేగింపు రోజున కర్రతో పైకి ఎత్తితే మెలిపడతాయి. పల్లెల్లో రాష్ట్ర ప్రభుత్వ నెట్ పథకం టీ-ఫైబర్ గొట్టాలను మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే వేశారు కాబట్టి పైన ఏ గొడవా లేదు, జేసీబీ తవ్వకాలే శత్రువు. పూర్తిగా తెగితే ఎర్ర లైటు వెలిగి విషయం తేలిపోతుంది. చిక్కంతా సగం నలిగిన తీగతోనే. నెట్ ఉంటుంది, ఉండి ఉండి పోతుంది, వాన పడ్డ రోజు మరీ ఎక్కువగా పోతుంది. దీన్ని పట్టుకోవడానికి పెట్టె సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ లేదా ఆర్ఎక్స్ పవర్ అనే అంకె ఉంటుంది. పెట్టెకు ఎంత కాంతి అందుతోందో అది చెబుతుంది, డీబీఎమ్ అనే కొలతలో, మైనస్‌లో కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎమ్ దాకా ఉంటే హాయి. మైనస్ 27 దాటి ఇంకా కిందికి పోయిందంటే మామూలు పెట్టెకు అందే కాంతి దాని చదివే శక్తికి కింద పడ్డట్టే. ఈ లెక్కలో ప్రతి 3 అంకెలకు కాంతి సగమవుతుంది, కాబట్టి మైనస్ 21 నుంచి మైనస్ 24కు దిగడం చిన్న విషయమేం కాదు. కనెక్షన్ కొత్తగా పెట్టిన రోజే ఈ అంకె ఒక కాగితం మీద రాసి పెట్టె వెనక అతికించుకుంటే తర్వాత పోల్చి చూడటానికి పనికొస్తుంది.

లైట్లు బాగున్నా నెట్ లేకపోతే అప్పుడు మూడు పింగులు. పింగ్ అంటే ఒక అడ్రసుకు చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం; ping అని కొట్టి పక్కన ఆ అడ్రస్ ఇవ్వాలి. విండోస్ కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు ఐపీకాన్ఫిగ్ (ipconfig) కమాండ్ కొట్టాలి. అందులో ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే అనే రెండు వరుసలు ముఖ్యం. మొదటిది ఆ కంప్యూటర్ అడ్రస్, రెండోది రౌటర్ అడ్రస్. అడ్రస్ 169.254తో మొదలైందంటే రౌటర్ ఆ కంప్యూటర్‌కు అడ్రస్ ఇవ్వలేదు, కంప్యూటరే ఏదో ఒకటి తగిలించుకుంది. అంటే తప్పు కేబుల్లోనో, వైఫైలోనో, రౌటర్లోనో ఉంది, బయటి వాళ్లది కాదు. అడ్రస్ 192.168తో మొదలైతే తర్వాతి మెట్టు: గేట్‌వే అంకెను, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, పింగ్ చేయాలి. కంప్యూటర్‌ను రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలిపితే జవాబు 1 మిల్లీసెకను లోపే రావాలి. వైఫై మీద 2 నుంచి 10 మధ్య ఊగితే ఫర్వాలేదు. అదే 200, 400 అని ఎగురుతుంటే, మధ్యలో టైమ్డ్ అవుట్ పడుతుంటే లోపం ఇంటి గోడల మధ్యే ఉంది.

గేట్‌వే బాగా పలికితే 8.8.8.8ను పింగ్ చేయాలి. ఇది గూగుల్ 2009లో పెట్టిన డీఎన్ఎస్ సర్వర్. దాని నుంచి జవాబు రాకపోతే సర్వీసు వాళ్ల వైపు తెగింది. జవాబు వచ్చి, google.com అని పేరుతో పింగ్ చేస్తే రాకపోతే మిగిలింది డీఎన్ఎస్ ఒక్కటే. వెబ్‌సైట్ పేరును అంకెల అడ్రసుగా మార్చి ఇచ్చే పని దానిది, అది మొరాయిస్తే వాట్సాప్ నడుస్తూ బ్రౌజర్ ఆగిపోవడం లాంటి వింతలు కనిపిస్తాయి. రౌటర్ సెట్టింగుల్లోనో ఫోను ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగులోనో వేరే సర్వర్ పెడితే సరిపోతుంది. ఒక జాగ్రత్త: ఆండ్రాయిడ్ ప్రైవేట్ డీఎన్ఎస్ గడిలో అంకెలు తీసుకోదు, సర్వర్ పేరే ఇవ్వాలి.

ఇప్పటిదాకా ఉందా లేదా అన్న లెక్క. అసలు తగాదాలు వేగం దగ్గరే.

ప్లాన్ మీద రాసేది మెగాబిట్లలో, డౌన్‌లోడ్ చేసేటప్పుడు కంప్యూటర్ చూపేది మెగాబైట్లలో. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి వంద ఎంబీపీఎస్ ప్లాన్ మీద ఫైలు సెకనుకు 11, 12 మెగాబైట్లతో దిగితే పూర్తి వేగం వస్తున్నట్టే, ఎవరూ మోసం చేయలేదు. మూడు వందల ప్లాన్ తీసుకున్న ఇంట్లో కూడా టెస్టు ఎప్పుడూ 93, 94 దగ్గరే ఆగిపోతుంటే అదొక గుర్తు. ఆ అంకె కనిపించగానే వైఫై మాట పక్కనపెట్టి కేబుల్ వైపు చూడాలి, ఎందుకంటే వంద ఎంబీపీఎస్ లింకు మీద నికరంగా వచ్చేది అంతే.

లాన్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. వంద ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఎనిమిది తీగల్లో గోధుమ రంగుదో నీలం రంగుదో ఒక్కటి క్లిప్పులో సరిగా దిగకపోయినా రెండువైపుల పెట్టెలు మాట్లాడుకొని చప్పుడు చేయకుండా వందకు దిగిపోతాయి. నెట్ ఆగదు, లైటు వెలుగుతూనే ఉంటుంది, అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరికీ కనపడదు. విండోస్ ఈథర్‌నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ 1000/1000 ఉండాలి. 100/100 ఉంటే రెండు తలలూ కోసి కొత్తగా క్రింప్ చేయించాలి, అంటే తీగలను కొత్త క్లిప్పులో నొక్కి బిగించాలి. రంగుల వరుస తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. క్లిప్పు నాలుక కిందివైపు పెట్టి ఎడమ నుంచి చదవాలి. రెండు చివర్లా అదే వరుస. జతల మెలికను అరంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు, పైతొడుగు క్లిప్పు లోపలికి పోయి నొక్కుకోవాలి. హడావుడిగా చేసే పనుల్లో తొడుగు బయటే ఉండిపోయి, ఎవరైనా ఒకసారి లాగగానే తీగ కదిలిపోతుంది.

కేబుల్ సరుకు మీద కూడా ఒక మాట చెప్పుకోవాలి. మార్కెట్లో 305 మీటర్ల పెట్టె అనుమానం వచ్చేంత చవగ్గా దొరికితే అది చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో తీగను గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఇది వంచితే తొందరగా విరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ బలహీనపడుతుంది, కేబుల్ ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాలకు పెడితే చివరి కెమెరా రాత్రి లైట్లు వేసుకోగానే ఆగి మళ్లీ మొదలవుతుంది. అసలు రాగిదైతే క్యాట్ 5ఈ కూడా వంద మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. ఇంటికి అంతకంటే అక్కర్లేదు. డాబా మీదుగా బయట పోయే తీగ మాత్రం నల్ల తొడుగు ఉన్న ఔట్‌డోర్ రకమే కావాలి, లేదా పీవీసీ పైపులో దూర్చాలి. రామగుండం, మంచిర్యాల ఎండల్లో లోపల వాడే బూడిద రంగు కేబుల్ తొడుగు పెళుసెక్కి పగులుతుంది, వానాకాలంలో ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి.

కేబుల్ బాగుండీ వంద దగ్గరే ఆగితే పెట్టె వెనక పోర్టుల పక్కన అక్షరాలు చూడాలి. కొన్ని ఓఎన్‌టీల్లో ఒక్క పోర్టే గిగాబిట్, దాని పక్కన జీఈ అని ఉంటుంది, మిగతావి ఎఫ్ఈ, అంటే వంద. తీగను పక్క పోర్టుకు మారిస్తే వేగం మూడింతలు కావడం జరిగే పనే.

కేబుల్ మీద పూర్తి వేగం వచ్చి ఫోను మీద రాకపోతే అది వైఫై సమస్య. ఇక్కడ మన ఇళ్ల కట్టుబడిని లెక్కలోకి తీసుకోవాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, మధ్యలో ఇనుప చువ్వల స్లాబు, దారిలో ఇనుప బీరువా. రౌటర్ పంపే వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక్క గోడకు బాగానే తగ్గుతుంది, స్లాబు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి పోతుంది కానీ దాని వేగమే తక్కువ: ఒక్క యాంటెన్నా ఉన్న చవక ఫోను, 20 మెగాహెర్ట్జ్ చానల్ వెడల్పు మీద, లింకు 72 ఎంబీపీఎస్ చూపించినా చేతికొచ్చేది 40, 50 మధ్య. అదే గదిలో 5 గిగాహెర్ట్జ్ మీద మంచి ఫోనుకు మూడు, నాలుగు వందలు అందుతాయి. మూడు వందల ప్లాన్ పెట్టించుకొని ఫోనును 2.4 మీదే ఉంచితే, పెంచిన బిల్లంతా గాలికే.

ఇక రౌటర్ ఉండే చోటు. తీగ గుమ్మం దగ్గర లోపలికి వచ్చింది కాబట్టి అక్కడే, చాలా ఇళ్లలో టీవీ వెనక, లేదంటే ఇన్వర్టర్ పక్కన షెల్ఫులో పెడతారు. రెండూ చెడ్డ చోట్లే. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, ఏ ఇనుమూ అడ్డం లేకుండా పెట్టడానికి రెండు కొనలకూ తలలున్న నాలుగు మీటర్ల ఫైబర్ తీగ, ప్యాచ్ కార్డు అంటారు, అదనంగా అడిగితే పని అయిపోతుంది. కనెక్షన్ పెట్టే రోజున అడగాలి, తర్వాత అడిగితే వాళ్లు రావడానికే వారం. అపార్ట్‌మెంట్లలో ఇంకో బాధ ఉంది. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. పక్కింటి పది రౌటర్లు ఈ మూడింటి మీదే ఉంటాయి. ఫోనులో వైఫై అనలైజర్ యాప్‌తో ఏది ఖాళీగా ఉందో చూసి దాన్ని ఖాయం చేయాలి, వెడల్పు 20 మీదే ఉంచాలి. 40 పెడితే వేగం పెరుగుతుందనుకుంటారు. నిజానికి ఇంకో ఇంటివాళ్లతో కూడా తోపులాట మొదలవుతుంది.

మూడంతస్తుల ఇంటికి ఒక్క డబ్బా సరిపోదు. ఇక్కడ పాత రౌటర్ పనికొస్తుంది, కానీ కలిపే పద్ధతిలో ఎక్కువమంది తడబడతారు. కింద ఓఎన్‌టీ అడ్రస్ 192.168.1.1 అయి, పైది కూడా 192.168.1.1 అయితే రెండూ కొట్టుకుంటాయి, నెట్ గంటకోసారి పోయి వస్తుంది. చేయాల్సింది ఇది: పై రౌటర్‌ను ముందు విడిగా కంప్యూటర్‌కు కలిపి దాని లాన్ అడ్రస్ 192.168.1.2గా మార్చాలి. తర్వాత డీహెచ్‌సీపీ ఆపేయాలి, ఎందుకంటే అడ్రసులు పంచే పెద్దమనిషి ఇంట్లో ఒక్కరే ఉండాలి. వైఫై పేరు, పాస్‌వర్డు కిందిదాని లాగే పెట్టి, చానల్ మాత్రం వేరే ఇవ్వాలి. అప్పుడు కింది నుంచి వచ్చే కేబుల్‌ను దాని లాన్ పోర్టులో పెట్టాలి, రంగు వేరుగా ఉండే వాన్ పోర్టులో, అంటే బయటి నెట్ కోసం ఉండేదానిలో, కాదు. కొత్త రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అది నొక్కితే ఇదంతా దానంతటదే చేసుకుంటుంది, కేబుల్ ఏ పోర్టుకు పెట్టాలో కూడా అదే చెబుతుంది. కేబుల్ లేకుండా గాల్లోనే సిగ్నల్ అందుకొని పంచే రిపీటర్లు స్లాబు కింద పెట్టినప్పుడు చాలా నిరాశపరుస్తాయి. ఒకే రేడియో మీద అందుకొని మళ్లీ అదే రేడియో మీద పంపాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది, ఆ అందుకునేదే బలహీనమైతే ఇక చెప్పేదేముంది. మెట్ల పక్క నుంచి ఒక్క కేబుల్ పైకి లాగించడం గాల్లోనే ఒకదానికొకటి కలిసి సిగ్నల్ పంచే మూడు మెష్ డబ్బాలు కొనడం కంటే చవక, గట్టి.

కరెంటు సంగతి. రౌటర్ అడాప్టరు ఎక్కువగా 12 వోల్టులు, 1 నుంచి 2 ఆంపియర్లు. అడాప్టరు పోయినప్పుడు పాత సెట్‌టాప్ బాక్సుది తగిలించేస్తారు, పిన్ను ఒకేలా ఉంటుంది కాబట్టి దూరుతుంది కూడా. వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువుంటే రౌటర్ వైఫై బరువు పెరగగానే తనంతట తాను ఆగి మొదలవుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడాలి. లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోవాలి. ఇంట్లో డబ్బా వెలుగుతున్నా వీధిలో కరెంటు పోగానే నెట్ పోతుంటే, మధ్యలో ఎవరి డాబా మీదో ఇళ్లకు నెట్ పంచే కేబుల్ ఆపరేటర్ స్విచ్ పెట్టె ఉందనీ, దానికి బ్యాకప్ లేదనీ అర్థం. ఆ ఒక్క ప్రశ్న కనెక్షన్ తీసుకునేముందే అడగదగ్గది. ఉరుములప్పుడు ఫైబర్ గాజు పోగు మెరుపును మోయదు, కానీ డాబా మీదుగా వచ్చే రాగి లాన్ కేబుల్, కరెంటు అడాప్టరు మోస్తాయి. రెండూ ఊడదీయడం మంచిది.

జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇంట్లో కెమెరాలు పెట్టి గల్ఫ్ నుంచి చూసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ తరచూ వచ్చే ఫిర్యాదు: రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చే పిలుపును నేరుగా కెమెరాకు పంపే సెట్టింగు, అంతా సరిగ్గా చేసినా బయటి నుంచి కెమెరా తెరుచుకోదు. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే సర్వీసు వాళ్లు రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్, చూడాలి. అది 10తోనో, 100.64 నుంచి 100.127 మధ్యనో ఉంటే సర్వీసు వాళ్లు ఒకే బయటి అడ్రసును చాలా ఇళ్లకు పంచుతున్నట్టు. ఐపీవీ4లో మొత్తం అడ్రసులే సుమారు 429 కోట్లు, కాబట్టి ఈ పంపకం తప్పలేదు. 100.64 వరుసను 2012లో దీనికోసమే కేటాయించారు. ఇలాంటి కనెక్షన్ మీద పోర్టులు తెరవడం వృథా. కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్‌లో క్యూఆర్ కోడు స్కాన్ చేసుకోవాలి, లేదా అదనపు రుసుము కట్టి మన ఇంటికే ఉండే, మారని అడ్రస్, అంటే స్టాటిక్ ఐపీ, తీసుకోవాలి. ఏది చేసినా కెమెరాకు, రౌటర్‌కు పెట్టెతో వచ్చిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేస్తే బెడ్రూము బజారున పడ్డట్టే. వైఫై పాస్‌వర్డు వేరు, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డు వేరు. రెండోదాన్ని మార్చేవాళ్లు తక్కువ.

నెట్ మీద నేరం మోపే ఇంకో చిన్న వస్తువు ఉంది. పాత డెస్క్‌టాప్‌లో బ్యాంకు సైటు, ప్రభుత్వ సైటు ఏదీ తెరుచుకోక, కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ అరుస్తుంటే మూలన గడియారం చూడాలి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సైటు సర్టిఫికెట్ చెల్లే తేదీలను బ్రౌజర్ ఈ గడియారంతోనే పోలుస్తుంది కాబట్టి మంచి సైటునే నమ్మనంటుంది. వాచీల దుకాణంలో దొరికే ఆ బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

సాయంత్రం ఎనిమిది నుంచి పది మధ్య మాత్రమే వేగం పడిపోతే, అదీ కేబుల్ మీద పరీక్షించినప్పుడు కూడా పడిపోతే, అది నిజంగా సర్వీసు వాళ్ల వైపు రద్దీ. ఇళ్లకు ఎక్కువగా వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో ఒక్క పోగు మీది సుమారు రెండున్నర గిగాబిట్లను 32, ఒక్కోచోట 64 ఇళ్లు పంచుకుంటాయి. ప్లాన్ పెంచినా ఆ రద్దీ తగ్గదు. ఇలాంటప్పుడు ఫోన్ చేసి నెట్ స్లో అంటే రౌటర్ ఆపి మళ్లీ వేయమనే జవాబే వస్తుంది. ఆర్ఎక్స్ పవర్ ఎంతుందో, కేబుల్ మీద పొద్దున ఏడింటికి, రాత్రి తొమ్మిదింటికి వచ్చిన వేగం ఎంతో, గేట్‌వే పింగ్ 1 మిల్లీసెకను లోపే ఉండగా 8.8.8.8 పింగ్ ఎంత ఎగురుతోందో చెబితే మాట తీరు మారుతుంది. ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే డాకెట్ నంబరు తప్పకుండా అడిగి తీసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం, కస్టమర్ కేర్ దగ్గర తేలని ఫిర్యాదును ఆ నంబరుతోనే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ దగ్గరికి తీసుకెళ్లొచ్చు.